కొలనుపాక జైన తీర్థం: చరిత్ర, శిల్పం, ఆరాధన

కొలనుపాక జైన మందిరం తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు మండలంలో ఉన్న ప్రాచీన తీర్థం. దేశమంతటి జైనులు దీన్ని ‘కుల్పాక్‌జీ’ అంటారు. ప్రథమ తీర్థంకరుడైన ఆదినాథుడు ఇక్కడ మాణిక్యదేవుడనే పేరుతో పూజలందుకుంటున్నాడు. రాష్ట్రకూటుల కాలానికే ఈ ఊరు జైనానికి పెద్ద కేంద్రం. కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో విశాలమైన రాష్ట్రానికి పాలనాపీఠం. తెలుగునాట వందలాది బసదులు (జైన ఆలయాలు) శిథిలమై, కొన్ని గుట్టల మీద చెక్కిన బొమ్మలుగా, కొన్ని పొలాల్లో పడి ఉన్న శాసనాలుగా మాత్రమే మిగిలాయి. కొలనుపాకలో మాత్రం దీపం వెలుగుతోంది. రాజులు మారారు, శాసనాల భాష మారింది, ఆరాధించే శాఖ మారింది, ఆలయపు రాళ్లూ మారాయి. తీర్థం మాత్రం అక్కడే నిలిచింది. ఈ క్షేత్రపు విశిష్టత అదే.

ఉనికి, పేర్లు

హైదరాబాద్‌–వరంగల్ రహదారి మీద ఆలేరు దాకా వెళ్లి, అక్కడి నుంచి సుమారు 6 కిలోమీటర్లు లోపలికి వెళ్తే కొలనుపాక వస్తుంది. హైదరాబాద్ నుంచి దూరం సుమారు 80 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఈ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి ఉన్న దామరచర్ల మండలం, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ, భువనగిరి అన్నీ అప్పట్లో ఒకే జిల్లా. వాడపల్లి సంగమంలో అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు. సూర్యాపేట దగ్గర ఫణిగిరిలో బౌద్ధ స్తూపం. పిల్లలమర్రిలో కాకతీయుల నాటి శివాలయాలు. కొలనుపాకలో జైన మందిరం. ఈ నేల మీద ఏయే మతాలు వేళ్లూనుకున్నాయో చెప్పడానికి పాత నల్లగొండ జిల్లా ఒక్కటే చాలు.

శాసనాల్లో ఈ ఊరు కొల్లిపాక, కొల్లిపాకె, కుల్లిపాక వంటి రూపాల్లో కనిపిస్తుంది. చోళుల తమిళ శాసనాలు కొళ్ళిప్పాక్కై అన్నాయి. నిజాం కాలపు కాగితాల్లో కుల్పాక్. జైన యాత్రికుల నోట ఆ కుల్పాక్‌కే గౌరవ సూచకమైన ‘జీ’ చేరింది.

చారిత్రక నేపథ్యం

తొమ్మిది, పది శతాబ్దాల్లో దక్కనును ఏలిన రాష్ట్రకూటులు, వారి సామంతులైన వేములవాడ చాళుక్యులు జైనాన్ని ఎంతగానో ఆదరించారు. రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న పంప మహాకవి కన్నడ సాహిత్యానికి ఆదికవి. అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించాడు. ఆ శాసనంలో కన్నడ, సంస్కృతాలతో పాటు తెలుగు కంద పద్యాలు కూడా ఉన్నాయి. మనకు దొరికిన తొలి తెలుగు కందాలు అవే. వేములవాడలో రెండో బద్దెగ కట్టించిన శుభధామ జినాలయం ‘యశస్తిలక’ కావ్యకర్త సోమదేవ సూరి కోసం వెలిసింది. తెలుగు, కన్నడ, సంస్కృతం ఒక గుట్ట మీద పక్కపక్కనే నిలిచిన ఆ వాతావరణంలోనే కొలనుపాక జైన కేంద్రంగా ఎదిగింది.

రాష్ట్రకూటుల తరవాత వచ్చిన కల్యాణి చాళుక్యుల కాలంలో ఊరికి రాజకీయంగా కూడా బరువు పెరిగింది. ‘కొల్లిపాక–7000’ అనే నాడుకు ఇది కేంద్రం. రాజకుమారులను, నమ్మకమైన సామంతులను ఇక్కడ పాలకులుగా ఉంచేవారు. ఆరో విక్రమాదిత్యుడి కాలంలో అతని కొడుకు సోమేశ్వరుడు, మాళవ పరమార వంశానికి చెందిన జగద్దేవుడు ఈ ప్రాంతాన్ని ఏలారు. ఆ విక్రమాదిత్యుడి బిరుదైన త్రిభువనమల్లుడి పేరు మీదే పక్కనున్న భువనగిరి కోట వెలసింది.

ఇంత ముఖ్యమైన ఊరు శత్రువు కంట పడకుండా ఉండదు. పదకొండో శతాబ్దిలో చోళులు, చాళుక్యుల మధ్య సాగిన దీర్ఘ యుద్ధాల్లో కొలనుపాక పదేపదే దెబ్బతింది. మొదటి రాజేంద్ర చోళుడు తన ప్రశస్తిలో జయించిన స్థలాల జాబితాలో దీన్ని చేర్చుకున్నాడు, కోటగోడల చుట్టూ ఉన్న చెట్ల ప్రస్తావనతో సహా. అతని కొడుకు రాజాధిరాజు ఊరిని తగలబెట్టినట్టు చోళ శాసనాలే చెప్పుకొన్నాయి. అంత జరిగినా వందేళ్లు తిరగకముందే ఇక్కడ కొత్త దాన శాసనాలు వెలిశాయి. పన్నెండో శతాబ్దిలో కాకతీయులు బలపడ్డాక ఊరు వారి చేతికి వచ్చింది.

మాణిక్యదేవుని గాథ

ఆలయ పూర్వగాథను పద్నాలుగో శతాబ్దిలో జినప్రభ సూరి అనే శ్వేతాంబర ఆచార్యుడు రాసిపెట్టాడు. దేశమంతా తిరిగి జైన తీర్థాల కథలను సేకరించిన ఆయన గ్రంథం ‘వివిధ తీర్థ కల్పం’. మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఢిల్లీలో పూర్తయిన ఆ గ్రంథంలో కొల్లపాక మాణిక్యదేవుడికి ప్రత్యేక అధ్యాయం ఉంది.

కథ ప్రకారం ఆదినాథుడి పెద్ద కొడుకు భరత చక్రవర్తి తండ్రి ప్రతిమను మాణిక్యంతో చేయించాడు. అది కొంతకాలం దేవలోకంలో పూజలందుకుంది. తరవాత లంకకు చేరి రావణుడి ఇంట మండోదరి చేతుల మీదుగా అర్చనలందుకుంది. లంకకు చేటుకాలం దాపురించినప్పుడు ఆ విగ్రహం సముద్రంలో చేరింది. చాలా కాలానికి కన్నడ దేశంలోని కల్యాణ నగర రాజు శంకరుడి రాజ్యంలో మహమ్మారి చెలరేగింది. మాణిక్యదేవుడిని తెచ్చి పూజిస్తే శాంతిస్తుందని జైన దేవత పద్మావతి రాజుకు తెలిపింది. సముద్రం నుంచి బయటికి తీసిన విగ్రహాన్ని బండి మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడవాలన్నది షరతు. కొల్లిపాక దగ్గర రాజు అనుమానంతో వెనక్కి చూశాడు. విగ్రహం అక్కడే ఆగిపోయింది. రాజు అక్కడే గుడి కట్టి, పూజకు గ్రామాలు దానమిచ్చాడు.

ఇది భక్తుల విశ్వాసం. అయినా చరిత్ర చదివేవారికి ఇందులో పట్టుకోదగిన కొసలున్నాయి. కల్యాణం చాళుక్యుల రాజధాని. శంకరుడనే పేరు రాష్ట్రకూటుల కాలంలో జైన పోషకుడిగా కీర్తి పొందిన శంకరగండుడిని గుర్తుకు తెస్తుంది. కొందరు చరిత్రకారులు ఈ ఇద్దరినీ కలిపి చూశారు. అన్నిటికన్నా విలువైన సంగతి ఏమిటంటే, పద్నాలుగో శతాబ్ది నాటికే కొలనుపాక పేరు గుజరాత్, ఢిల్లీ జైన సమాజాల దాకా పాకింది. కాకతీయ రాజ్యం కూలిన రోజుల్లో, ఇక్కడి బసదులకు రాజాదరణ కరవైన రోజుల్లో, ఎక్కడో ఉత్తరాన ఈ తీర్థం మహిమను ఒక ఆచార్యుడు గ్రంథస్థం చేశాడు. రాజపోషణ పోయిన తరవాత కొలనుపాకను నిలబెట్టింది ఈ యాత్రికుల స్మృతే.

శాసనాలు

కొలనుపాకలోను, పరిసరాల్లోను ఇరవై దాకా జైన శాసనాలు బయటపడ్డాయి. పాలనా భాష అప్పట్లో కన్నడం కావడంతో చాళుక్యుల నాటి శాసనాలు ఎక్కువగా కన్నడంలోనే ఉన్నాయి. వాటిలో 1125 నాటి స్తంభ శాసనం ప్రసిద్ధం. ఆరో విక్రమాదిత్యుడి పాలనలో, కుమార సోమేశ్వరుడు కొల్లిపాకను ఏలుతున్నప్పుడు, ఇక్కడి అంబికాదేవి పూజకు గ్రామదానం చేసిన సంగతి అందులో ఉంది. అంబిక ఇరవైరెండో తీర్థంకరుడైన నేమినాథుడి యక్షి, అంటే ఆయనను సేవించే దేవత. సింహవాహనం, ఒడిలో బిడ్డ, చేతిలో మామిడి గుత్తి ఆమె గుర్తులు. ఆమె బసది బాధ్యత వహించిన గురువులు క్రాణూర్ గణం, మేషపాషాణ గచ్ఛలకు చెందినవారు. అంటే వారు మూలసంఘపు దిగంబరులు.

ఈ ఒక్క వివరం ఎంతో చెబుతుంది. నేటి ఆలయం శ్వేతాంబరుల నిర్వహణలో ఉంది. పన్నెండో శతాబ్ది శాసనంలోని గురువులు దిగంబరులు. ఒకే క్షేత్రంలో వేర్వేరు కాలాల్లో జైన మతపు రెండు శాఖలూ దీపం పెట్టాయి.

క్షీణత, జీర్ణోద్ధరణ

పన్నెండో శతాబ్ది చివరికి తెలుగునాట శైవం ఉప్పెనలా లేచింది. కొలనుపాక వీరశైవులకూ పవిత్ర స్థలమే. పంచాచార్యులలో ఒకరైన రేణుకాచార్యుడు ఇక్కడి సోమేశ్వర లింగం నుంచి ఉద్భవించాడని వారి విశ్వాసం. ఇక్కడికి దగ్గర్లోని పాలకుర్తితో ముడిపడిన పాల్కురికి సోమనాథుడి కావ్యాల్లో జైనులతో శివభక్తుల తగవుల కథలు కనిపిస్తాయి. కాకతీయులు తొలినాళ్లలో జైనాన్ని ఆదరించినవారే. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం కదలలాయ బసది నిర్మాణాన్ని తెలుపుతుంది. దాన్ని కట్టించింది కాకతీయుల మంత్రి బేతన భార్య మైలమ. తరవాతి కాకతీయ రాజులు శైవులయ్యారు. దానాలు శివాలయాలకు మళ్లాయి. పోషణ లేని బసదులు ఒక్కొక్కటే నిర్మానుష్యమయ్యాయి.

కొలనుపాకలో జైన ఆరాధన మళ్లీ గట్టిగా కనిపించేది మొగల్ కాలంలో. విక్రమ సంవత్ 1767లో, అంటే క్రీ.శ. 1710–11లో, ఆలయ జీర్ణోద్ధరణ జరిగినట్టు ఇక్కడి శాసనం చెబుతుంది. అప్పుడు చక్రవర్తి ఔరంగజేబు కొడుకు బహదూర్ షా. హైదరాబాద్ సుబేదారు యూసుఫ్ ఖాన్ సహకారంతో కేసరకుశల గణి అనే జైన పండితుడు ఈ పని నడిపించాడు. అవి ఈ ప్రాంతానికి ప్రశాంతమైన రోజులు కావు. సర్వాయి పాపన్న తిరుగుబాటు ఇదే నేల మీద సాగింది. అతని మీదికి వెళ్లిన కుల్పాక్ ఫౌజుదారు కాసిం ఖాన్ పోరులో చనిపోయాడు. చివరికి పాపన్నను అణచింది కూడా ఈ యూసుఫ్ ఖాన్ హయాంలోనే. ఆ కల్లోలం చల్లారీ చల్లారకముందే ఒక ముస్లిం పాలకుడి అండతో జైన గుడికి మరమ్మతులు జరగడం దక్కను చరిత్రలో గుర్తుంచుకోవలసిన ఘట్టం.

ఆ తరవాత హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో స్థిరపడ్డ మార్వాడీ, గుజరాతీ జైన కుటుంబాలు తీర్థ నిర్వహణను తమ భుజాన వేసుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దిలో పలు దఫాలుగా సాగిన పునర్నిర్మాణంతో ఆలయం నేటి రూపానికి వచ్చింది.

నిర్మాణ శైలి

నేటి మందిరం పశ్చిమ భారత జైన ఆలయాల పద్ధతిలో ఉంటుంది. వాస్తుశాస్త్రజ్ఞులు దీన్ని మారు–గుర్జర శైలి అంటారు. గుజరాత్‌ను ఏలిన సోలంకీల కాలంలో ఇది పరిపక్వమైంది. ఆబూ పర్వతం మీది దిల్వాడా ఆలయాలు దీనికి మకుటాయమానం. కొలనుపాకలో చెక్కడం పని చేసినవారు కూడా రాజస్థాన్, గుజరాత్ శిల్పులే.

ఈ శైలిలో భక్తుడు వెలుగు నుంచి క్రమంగా లోపలికి సాగుతాడు. ముఖమండపం, స్తంభాలున్న రంగమండపం, దాని వెనక గర్భగృహం, పైన నిలువుగా లేచే శిఖరం. స్తంభానికీ స్తంభానికీ మధ్య అలల్లాంటి తోరణాలు కమానుల్లా వంగుతాయి. స్తంభం నిలువునా చిన్న చిన్న గూళ్లు, వాటిలో యక్షులు, యక్షిణులు, నర్తకులు, వాద్యగాళ్లు. రంగమండపం మీది కప్పు ఒకదానిలో ఒకటి ఒదిగిన రాతి వలయాలుగా పైకి కుంచించుకుపోయి, నడిమధ్యన తలకిందుల పద్మంగా కిందికి వేలాడుతుంది. నృత్యం, సంగీతం, లోక వైభవమంతా మండపంలోనే ఆగిపోతాయి. గర్భగృహంలో కదలిక ఉండదు. కళ్లు ముందుకు నిలిపి, పద్మాసనంలో కూర్చుని, ఎవరికీ వరమివ్వని, ఎవరినీ శిక్షించని ప్రతిమ ఒక్కటే ఉంటుంది. లోకం ఆకర్షణల మీదుగా నడిచి వైరాగ్యం ముందు నిలవడం, ఈ నిర్మాణం భక్తుడి చేత చేయించే ప్రయాణం.

చాళుక్యుల నాటి పాత బసదులు దీనికి భిన్నమైన పద్ధతివి. నల్లరాతి పీఠం, తరిమెన పట్టినట్టు గుండ్రంగా నునుపు తేలిన స్తంభాలు, అంతస్తులు అంతస్తులుగా పైకి తగ్గే విమానం ఆ పద్ధతికి గుర్తులు. ఆ కాలపు శిల్పఖండాలు ఊళ్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

మూలమూర్తులు

గర్భగృహాల్లో ప్రధానంగా ముగ్గురు తీర్థంకరులు కొలువై ఉన్నారు: ఆదినాథుడు, నేమినాథుడు, మహావీరుడు. మాణిక్యదేవుడిగా పిలిచే ఆదినాథుడి విగ్రహం నల్లనిది, పద్మాసనంలో ఉంటుంది. మహావీరుడి విగ్రహం ఫిరోజా ఛాయ గల జేడ్ రాతిలో ఏకశిలగా మలచినది. ఎత్తు సుమారు 130 సెంటీమీటర్లు. దూరదేశాల నుంచి వచ్చే యాత్రికులు ప్రత్యేకించి చూసి తరించేది ఈ మూర్తినే. వీటితో పాటు సీమంధర స్వామి, పద్మావతి, ఇతర తీర్థంకరుల ప్రతిమలూ ఉన్నాయి. మహావిదేహ క్షేత్రంలో ఇప్పటికీ ధర్మం బోధిస్తున్న తీర్థంకరుడు సీమంధరుడని జైనుల నమ్మకం.

తీర్థంకరుల ముఖాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వారిని గుర్తుపట్టడానికి పీఠం మీద చెక్కిన లాంఛనం చూడాలి. ఎద్దు ఉంటే ఆదినాథుడు, శంఖం ఉంటే నేమినాథుడు, సింహం ఉంటే మహావీరుడు. భుజాల మీదికి జాలువారే జడల పాయలు ఆదినాథుడికి మాత్రమే ఉంటాయి. తల మీద పాముపడగలు పార్శ్వనాథుడివి. ఛాతీ మీది శ్రీవత్స చిహ్నం, తలపై మూడంతస్తుల గొడుగు అందరికీ సామాన్యం. శ్వేతాంబర విగ్రహాలకు కళ్లు అతికించి, ఆభరణాలు అలంకరిస్తారు. దిగంబర ప్రతిమలు ఏ అలంకారమూ లేకుండా, అరమోడ్పు కన్నులతో ఉంటాయి.

ఆరాధన, దాని అర్థం

ఉదయం ప్రతిమకు నీళ్లతో, పాలతో ప్రక్షాళన చేస్తారు. శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడిచి, చందనం, కుంకుమపువ్వు కలిపిన గంధాన్ని ఉంగరపు వేలితో తొమ్మిది అంగాల మీద అద్దుతారు. పాదాల బొటనవేళ్లతో మొదలై మోకాళ్లు, మణికట్లు, భుజాలు, శిరస్సు, నుదురు, కంఠం, హృదయం, నాభి వరకు సాగే ఈ నవాంగ పూజ చేసేవారు స్నానం చేసి, పూజకు ప్రత్యేకించిన బట్టలు కట్టుకుని, ఊపిరి విగ్రహానికి తగలకుండా నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకుంటారు. తోలు వస్తువులు లోపలికి తేకూడదు.

ఈ పూజలో ఒక చిన్న దృశ్యాన్ని దగ్గరగా చూస్తే జైన దర్శనమంతా అర్థమవుతుంది. భక్తురాలు చిన్న చెక్కపీట ముందు కూర్చుని పిడికెడు బియ్యంతో స్వస్తిక్ వేస్తుంది. దాని నాలుగు చేతులు జీవుడు తిరిగే నాలుగు గతులు: దేవ, మనుష్య, తిర్యక్, నరక జన్మలు. పైన మూడు చిన్న కుప్పలు పోస్తుంది. అవి సమ్యక్ దర్శనం, సమ్యక్ జ్ఞానం, సమ్యక్ చారిత్రం. వాటిపైన నెలవంక, అందులో చుక్క. అది ముక్తజీవులు నిలిచే సిద్ధశిల. జనన మరణాల చక్రం నుంచి మూడు మెట్లెక్కి మోక్షానికి చేరాలనే సంకల్పం ఆ గుప్పెడు గింజల్లో ఉంది. పొట్టు తీసిన గింజ మళ్లీ మొలకెత్తదు గనుక బియ్యమే వాడతారు. మళ్లీ పుట్టవద్దన్న కోరికకు అది గుర్తు.

తీర్థంకరుడు కోరికలు తీర్చే దేవుడు కాడు. రాగద్వేషాలను జయించినవాడు. అతని ముందు నిలబడటమంటే అతనిలా కావాలనుకోవడం. యాత్రికులు ఇక్కడ పాటించే నియమాలు కూడా ఆ ఆదర్శం నుంచి వచ్చినవే. భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి, దుంపలు వండరు. పొద్దు గూకేలోగా భోజనం ముగిస్తారు. చీకట్లో కంటికి కనిపించని పురుగుకు కూడా హాని కలగకూడదన్నది కారణం. చైత్ర శుద్ధ త్రయోదశి మహావీర జయంతి. ఆ రోజు నుంచి పున్నమి దాకా జాతర జరుగుతుంది.

సోమేశ్వరాలయం, మ్యూజియం

జైన మందిరాన్ని చూసినవారు ఊళ్లోని సోమేశ్వరాలయానికి తప్పక వెళ్లాలి. చాళుక్య శైలిలోని ఈ ఆలయ ప్రాంగణంలోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. కొలనుపాకలోను, చుట్టుపక్కలా దొరికిన తీర్థంకర ప్రతిమలు, శైవ, వైష్ణవ విగ్రహాలు, వీరగల్లులు, శాసనాలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. శాసనాల్లో పేర్లుగా మాత్రమే మిగిలిన బసదుల రూపం ఊహించుకోవడానికి ఈ రాళ్లే ఆధారం. మందిరంలో ఆరాధన సజీవంగా ఉంది, మ్యూజియంలో పాత శిల్పం భద్రంగా ఉంది. రెండూ కలిపి చూస్తేనే కొలనుపాక పూర్తిగా అందుతుంది.

తెలుగునాట కొలనుపాక స్థానం

తెలుగు నేల మీద జైనం అడుగు పెట్టని ప్రాంతం అరుదు. విజయవాడలో నడుంబి బసదికి తూర్పు చాళుక్య కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి దానమిచ్చింది. కడప జిల్లా దానవులపాడులో రాష్ట్రకూటుల నాటి జైన కట్టడాలు పెన్న ఒడ్డున బయటపడ్డాయి. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో ‘గొల్లత్తగుడి’ అనే ఇటుకల జైన ఆలయం నిలిచి ఉంది. అంత ఎత్తైన ఇటుక కట్టడం ఆ కాలం నుంచి మిగలడమే అపురూపం. ఇవన్నీ గత వైభవానికి ఆనవాళ్లు. వాటికి కాపలాదారుడు ఉంటాడు, అర్చకుడు ఉండడు. పూజ, యాత్ర, జాతర, అన్నదానం నేటికీ సాగుతున్న మధ్యయుగపు జైన క్షేత్రంగా కొలనుపాకకు తెలుగునాట సాటి లేదు.

అందుకే ఈ క్షేత్రాన్ని కాపాడటంలో రెండు బాధ్యతలున్నాయి. భక్తులకు ఆలయం కొత్తగా, కళకళలాడుతూ ఉండాలి. చరిత్రకు పాతరాయి పాతరాయిగానే ఉండాలి. పునర్నిర్మాణంలో పక్కకు తీసిన ప్రతి శిల్పఖండం, పొలం గట్టున దొరికే ప్రతి శాసనపు ముక్క నమోదై మ్యూజియానికి చేరాలి. ఊరి చెరువుల్లో, బావుల గట్లలో, ఇళ్ల అరుగుల్లో ఇమిడిపోయిన రాళ్ల మీద అక్షరాలు కనబడితే వెంటనే పురావస్తు శాఖకు తెలపడం గ్రామస్థులు చేయగల గొప్ప సేవ.

చేరుకోవడం

దామరచర్ల, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చేవారు నల్లగొండ, భువనగిరి మీదుగా ఆలేరు చేరవచ్చు. సూర్యాపేట, కోదాడ వారికి జనగామ మీదుగా దారి దగ్గర. రైలులోనైతే నడికుడి–బీబీనగర్ మార్గంలో వచ్చి, సికింద్రాబాద్–కాజీపేట మార్గంలోని ఆలేరు స్టేషన్‌లో దిగవచ్చు. యాత్రికులకు ధర్మశాల, భోజనశాల ఆలయ ఆవరణలోనే ఉన్నాయి. యాదగిరిగుట్ట, భువనగిరి కోట, పాలకుర్తి దగ్గర్లోనే ఉన్నాయి కనుక వైష్ణవ, శైవ, జైన క్షేత్రాలను ఒకే యాత్రలో చూసి రావచ్చు.